మొదట నొక్క నాదము

మన పాఠశాలయందు సంగీతశిక్షణమునకై కొంత ద్రవ్యము కూడియున్న సంగతి తలిదండ్రు లెఱుగుదురు. పాత హార్మోనియము శ్రుతి తప్పినది. దాని మెట్లలో మూడు పలుకుట మానినవి. తిత్తి యందు గాలి నిలువకున్నది. కావున వందలకొలది ధ్వనులు గల విద్యుత్ కీబోర్డు నొకదానిని కొనవలెనని పెద్దలలో ననేకు లభిప్రాయపడుచున్నారు. వారి యభిప్రాయమును గౌరవించుచునే దానితో నేకీభవింపజాలనని మనవి చేయుచున్నాను. ఆ సొమ్ముతో ముందు పాత హార్మోనియమును బాగుచేయింపవలెను. మిగిలినదానితో సెమీ మాడ్యులర్ సింథసైజ రను చిన్నవాద్యము నొకదానిని కొనవలెను. ఈ మాట విన్న మిత్రు డొకడు "అది వాద్యమా, టెలిఫోను ఎక్స్ఛేంజియా?" అని నవ్వెను. అతని నవ్వు న్యాయమైనదే. ఆ పెట్టెను మొదటిసారి చూచినప్పుడు నాకును అట్లే తోచినది.

ఈ విషయమున నేను పండితుడను గాను. గడచిన వేసవి సెలవులలో హైదరాబాదునుండి వచ్చిన మా మేనల్లుడు తన వాద్యమును మా యింట విడిచిపోయెను. దానిని ముట్టుకొనవలదని యతడు చెప్పలేదు; చెప్పియుండిన నీ వ్యాసము పుట్టియుండదు. తల నెరసిన తరువాత నోనమాలు దిద్దుకొనుట యెట్లుండునో ఆ వేసవిలో తెలిసికొంటిని. ఇందు వ్రాయుచున్న దంతయు అట్టి ప్రారంభకుని మాటయే కాని ఆచార్యుని మాట కాదు.

మొదట కీబోర్డును గుఱించి చెప్పెదను. దానిని నేను తూలనాడను. పెండ్లి పందిళ్లలోను, భజనలలోను, సినిమా పాటల మేళములలోను అది చేయుచున్న సేవ యెల్లర కెఱుకయే. కాని యొక బాలుడు దానిముందు కూర్చుండి యేమి నేర్చుకొనుచున్నాడో గమనింపుడు. ఒక సంఖ్య నొక్కిన వేణువు, మఱియొక సంఖ్య నొక్కిన వీణ, ఇంకొక సంఖ్య నొక్కిన డప్పు. ఎనిమిదవ తరగతి బాలు డొకడు వేణువు సంఖ్యను నొక్కి విని, "అయ్యా, ఇది వేణువెట్లయినది?" అని నన్నడిగెను. అంతకంటె మంచి ప్రశ్నను నే నా సంవత్సరమున వినలేదు. దానికి కీబోర్డు చెప్పగల యుత్తర మొక్కటియే: సంఖ్య నొక్కితివి గనుక. ఆ బాలుడు వారము దినములలో ప్రశ్నను మఱచి సంఖ్యలను కంఠస్థము చేసెను. నాకు విచారము కలిగించున దదియే.

ఇక సింథసైజ రనగా నేమి? విద్యుచ్ఛక్తిచే నాదమును పుట్టించి, దానిని మన యిచ్చవచ్చిన రీతిని మలచు యంత్రము. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములోని ట్రుమాన్స్‌బర్గ్ అను చిన్న ఊరిలో రాబర్ట్ మూగ్ అను నింజనీరు, హెర్బర్ట్ డాయిచ్ అను సంగీతజ్ఞునితో గూడి 1964 లో దీనిని నిర్మించెను. దాదాపుగ నా కాలముననే పడమటి తీరమున డాన్ బుక్లా యను నాతడు వేఱొక త్రోవను త్రొక్కెను. ఆనాటి వాద్యములు మాడ్యులర్ అనబడునవి. అనగా నాదమును పుట్టించు భాగ మొక పెట్టె, దానిని వడగట్టునది యొక పెట్టె, బలమును హెచ్చించి తగ్గించునది యింకొక పెట్టె. ఈ పెట్టెలను తీగలతో కలిపినగాని కిక్కురుమనదు. బీరువాయంత యెత్తుండు నా యంత్రమును సామాన్యులు కొనుట కలలోని మాట.

పిమ్మట వచ్చినవే సెమీ మాడ్యులర్ వాద్యములు. 1971 లో వచ్చిన ఆర్ప్ 2600, 1978 లో జపానునుండి వచ్చిన కోర్గ్ ఎమ్మెస్ 20 ఈ జాతిలో ప్రసిద్ధికెక్కినవి. మన కాలములో మూగ్ పేరిట 2015 లో మదర్ 32, 2018 లో గ్రాండ్ మదర్ అనునవి వెలువడినవి. (తల్లి, అమ్మమ్మ అని వాద్యములకు పేర్లు పెట్టినవాని హృదయము మంచిదై యుండవలెను.) వీనియందు భాగములన్నియు లోపలనే యొక క్రమమున కలుపబడి యుండును. తీగ యొక్కటియు లేకుండనే మెట్టు నొక్కిన పలుకును. ఐనను పెట్టె ముఖమున వరుసగా రంధ్రము లుండును. వానిలో తీగ గుచ్చితిమా, లోపలి త్రోవ తెగి మనము చూపిన త్రోవ యేర్పడును.

గద్వాల, రాజోలి ప్రాంతముల మగ్గముల నెఱిగిన మన విద్యార్థులకు దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు. నేతగాని యింట పుట్టిన పిల్లవానిని మొదటి దినముననే పడుగు తోడుమని యెవ్వరును కూర్చుండబెట్టరు. మొదట కండెలు చుట్టును. తరువాత తండ్రి పడుగు వేసి సిద్ధపఱచిన మగ్గముమీద కూర్చుండి పేక నడపును. అంచు కలుపుట, కొంగు కలుపుట, బుటా లేపుట, తుదకు తానే పడుగును సిద్ధము చేసికొనుట, ఇవి యన్నియు కాలక్రమమున వచ్చును. సెమీ మాడ్యులర్ వాద్యము పడుగు వేసి యుంచిన మగ్గము. పూర్తి మాడ్యులర్ వాద్యము పడుగును లేని మగ్గము. కీబోర్డో, దుకాణములో మడతపెట్టి యుంచిన చీర. చీర కట్టుకొనవలసినవారికి అది చాలును. నేయ నేర్వదలచిన వారికి చాలదు.

నా మొదటి సాయంకాలపు అవమానమును దాచుట ధర్మము కాదు. వాద్యముతోపాటు రంగురంగుల తీగ లొక డజను సంచిలో నుండెను. అన్ని తీగ లిచ్చిరి గదా, అన్నియు గుచ్చవలెను కాబోలునని తలచి గుచ్చితిని. చూచుటకు ముచ్చటగా నుండెను. మెట్టు నొక్కితిని, పలుకలేదు. బలపుగుబ్బను కడవఱకు త్రిప్పితిని, పలుకలేదు. రెండు గంటలు పోరాడి, యంత్రము చెడిపోయినదని నిశ్చయించుకొని, మేనల్లునికి టెలిఫోను చేసి క్షమాపణ చెప్పితిని. అతడు నవ్వి "మామా, ముందా తీగలన్నియు పీకివేయుడు" అనెను. పీకితిని. మెట్టు నొక్కగానే యిల్లు దద్దరిల్లెను. నా భార్య వంటయింటినుండి పరుగెత్తుకొని వచ్చినది. నాదము జల్లెడలోనికి వచ్చు రంధ్రమున నొక తీగ గుచ్చి, దాని రెండవ కొనను ఊరక వ్రేలాడవిడిచితి నని మఱునాడు గ్రహించితిని. లోపలి త్రోవను తెంపినవాడను నేనే, చెడిపోయినదని యంత్రమును నిందించినవాడను నేనే.

అందుచే నీ వాద్యమును నేర్వదలచిన విద్యార్థికి నేను చెప్పు మొదటి మాట: ఒక మాసము తీగలను పెట్టెలో పెట్టి తాళము వేయుము. రెండవ మాట: ఒక్క నాదముతో నారంభింపుము. మెట్టు నొక్కి పట్టుకొని వినుము, అంతే. విసుగు పుట్టునందువా? పుట్టును. తంబుర యొద్ద కూర్చుండి షడ్జమును నిలుప నేర్చుకొన్నవారికిని విసుగు పుట్టినది.

ఆ యొక్క నాదములో నేమున్నది? నాదమును పుట్టించు భాగమును ఆసిలేట రందురు. అది క్షణమునకు 110 మార్లు కంపించునప్పుడు మనకొక స్వరము వినబడును. కాని దాని లోపల 220, 330, 440 మార్లు కంపించు సన్నని స్వరములును దాగి యుండును. వీనికి అనుస్వరము లని పేరు. రంపపు పండ్లవలె నుండు తరంగమున నన్ని యనుస్వరములు నుండును. రెండవది మొదటిదానిలో సగము బలముతో, మూడవది మూడవ వంతుతో, ఈ విధముగా తగ్గుచు పోవును. చతురస్రాకారపు తరంగమున 330, 550 వంటి బేసివి మాత్రమే యుండును. అందుచే నది బోలుగా, క్లారినెట్టు క్రింది స్థాయివలె వినబడును. తంబురలో తంతులక్రింద దారపు జీవా నుంచి జరుపునప్పుడు మన పెద్దలు చేయుచున్న పని యీ యనుస్వరములను మేల్కొలుపుటయే. మృదంగపు మూతమీది నల్లని మందు డోలుచర్మపు అపస్వరములను సరిపఱచి యనుస్వరములుగా చేయుచున్నదని చంద్రశేఖర వెంకటరామన్ గారు 1920 లోనే చూపియుండిరి. వారికి నోబెల్ బహుమాన మది వచ్చుటకు పదియేండ్లు ముందటి మాట.

రెండవ భాగము జల్లెడ. ఫిల్టరందురు. హద్దు గుబ్బను త్రిప్పినకొలది పై యనుస్వరములు రాలిపోయి, కరకుగా నున్న నాదము మెత్తబడుచు వచ్చి, తుదకు దుప్పటి కప్పుకొన్నవాని మాటవలె నగును. మూగ్ నిర్మించిన జల్లెడ మిక్కిలి గట్టిది. హద్దు దాటిన పిమ్మట ఒక్కొక్క స్థాయికి నాదపు కంపనము సుమారు పదునాఱవ వంతునకు తగ్గును. ఆ లెక్క మీకు వెంటనే పట్టుపడనియెడల చింతలేదు. ఈ ప్రయోగమును చేసిచూడుడు. ఒకే శ్రుతిమీద ఊపిరి తీయక "ఊ" అని మొదలిడి మెల్లగా "ఓ" అనియు, "ఆ" అనియు అనుడు. కంఠము మాఱలేదు, స్వరము మాఱలేదు. నోరు మాత్రమే మాఱినది. కంఠము ఆసిలేటరు, నోరు జల్లెడ. మన యచ్చులన్నియు జల్లెడను త్రిప్పుటచే పుట్టినవే. స, శ, ష లను పలుకునప్పుడు కంఠము పలుకదు, గాలి మాత్రమే రాపిడి పొందును. వాద్యములో నట్టి రాపిడిధ్వనికి నాయిస్ అను వేఱు రంధ్రమే యుండును. నే నీ సంగతిని కనిపెట్టితినని పొంగిపోవుచుండగా, 1939 లోనే న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున హోమర్ డడ్లీ యను శాస్త్రజ్ఞుని వోడర్ యంత్రము ఈ సూత్రముచేతనే మాటలు పలికినదని తెలిసి పొంగు చల్లాఱినది. ఐనను మన మొదటి తరగతి పిల్లలు గుణింతమును వల్లించుచుండగా వినుట నా కప్పటినుండి క్రొత్తగా నున్నది.

మూడవ భాగమును ఎన్వలపందురు. పోస్టు కవరు కాదు. నాదము శూన్యమునుండి పూర్ణబలమునకు ఎక్కుటకు పట్టు కాలము, అందుండి దిగుటకు పట్టు కాలము, మెట్టు నొక్కియుంచినంతసేపు నిలుచు బలము, విడిచిన తరువాత నడగిపోవుటకు పట్టు కాలము. ఈ నాలుగును నాలుగు గుబ్బలు. ఎటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అని వాని పేర్లు. ఇందు ప్రారంభకులు చేయు తప్పొకటి కలదు, నేనును చేసితిని. మొదటి రెండును, చివరిదియు కాలములు. మూడవది మాత్రము కాలము కాదు, బలము. ఈ యొక్క సంగతి తెలియక యెన్ని సాయంకాలములు వ్యర్థమైనవో చెప్ప సిగ్గగుచున్నది. డప్పు దెబ్బ వెంటనే యెక్కి వెంటనే దిగును. దానికి నిలుచు బలము శూన్యము. వీణతంతి వెంటనే యెక్కి చాలసేపు దిగును. నాదస్వరము ఊదినంతసేపు నిలుచును. గుడిగంట కొట్టి చేయి తీసినను పలుకుచునే యుండును. ఈ నాలుగింటిని నాలుగు గుబ్బలతో తయారు చేయుమని నే నా బాలునికి చెప్పితిని. డప్పు సులభముగా వచ్చినది. నాదస్వరము వచ్చినదని యతడనెను, నేను కాదంటిని; ఇద్దఱము వాదించుకొంటిమి. చెవులు రెండును తెఱచి వాదించుకొన్నందున నెవ్వరు గెలిచినను నష్టము లేదు.

మెట్టు నొక్కినపుడు లోపల పుట్టునది స్వరము గాదు, వోల్టేజి యని పదవ తరగతివారు గమనింపవలెను. ఒక వోల్టు హెచ్చినచో స్వర మొక స్థాయి పైకి పోవును. షడ్జమునుండి తార షడ్జమువఱకు గల 12 మెట్లలో నొక్కొక్కదానికి వోల్టులో 12 వ వంతు. భౌతికశాస్త్ర పాఠమును నల్లబల్లమీద వ్రాసి కంఠస్థము చేయించుటకంటె, దానిని చెవితో వినిపించుట మేలు గదా! ఐతే ఈ లెక్క సార్వత్రికము గాదు. ఇందాక పేర్కొన్న జపాను వాద్యము ఎమ్మెస్ 20 వేఱు లెక్కను పాటించును. స్థాయి పెరిగినకొలది వోల్టేజి రెండింతలగును. ఆ రెంటిని తీగతో కలిపినచో అపశ్రుతి తప్పదు.

మఱియొక సంగతి. ఇట్టి వాద్యము చల్లగా నున్నప్పుడొక శ్రుతి, వేడెక్కిన తరువాత నొక శ్రుతి. వెలిగించిన పావుగంట పిమ్మటగాని శ్రుతి చేయరాదు. మేనల్లు డీ దోషమును గుఱించి మొగమాటముతో చెప్పినపుడు నాకు నవ్వు వచ్చినది. గట్టు సీమలో డప్పు నెఱిగినవాడెవ్వడు మంటకు కాచక డప్పు కొట్టును? అమెరికావారి యమ్మమ్మయు మన డప్పును ఒక్క స్వభావము కలవే. కాని మన వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకులకప్పు గల గదిలో నా వాద్యము కాగుట మానదు. శ్రుతి జారుచునే యుండును. కావున దానిని పడమటి గదిలో నుంచవలదని ముందుగనే మనవి చేయుచున్నాను.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చెదను. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారి పేరు వినని బాలుడు మన పాఠశాలలో నుండడు. పండ్రెండు మెట్ల కిన్నెరను మ్రోగించుచు పండుగ సాయన్న కథను పాడిన యా గాయకునకు 2022 లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. బిరుదము వచ్చిన దినమున పిల్లలందఱును సంతోషించిరి. కాని కిన్నెరకు సొరకాయ బుర్ర లెందుకు కట్టుదురని యడిగిన నెవ్వరును చెప్పలేకపోయిరి, నేనును చెప్పలేకపోయితిని. వెదురుకోల, ఎండిన బుర్రలు, మెట్లను నిలిపెడి మైనము, తంతులు. ఇంతియే గదా యా వాద్యము! తంతి యొంటిగా పలికిన దోమపాటవలె నుండును. బుర్రలోని గాలి కొన్ని యనుస్వరములను పెంచి, కొన్నిటిని మ్రింగి, ఆ తంతికొక కంఠము నిచ్చును. బుర్ర పెద్దదైన నొక కంఠము, చిన్నదైన నొకటి. అదియు జల్లెడయే! సింథసైజరుమీద జల్లెడ గుబ్బను నెలదినములు త్రిప్పిన పిమ్మట నేను కిన్నెరను విన్నపుడు, జీవితములో మొదటిసారి బుర్రను విన్నాను. అదివఱకు పాటను మాత్రమే వినుచుంటిని.

కిన్నెరను తరతరములుగా చేసికొని వాయించినవారు డక్కలివారు మొదలగు పేదకులముల వారు. వారు తమ వాద్యమును తామే చేసికొనిరి; ఏ బుర్ర పలుకునో, ఏది పలుకదో తట్టి చూచి యెఱింగిరి. ఆ తెలివి యే పుస్తకమునను లేదు. అది చేతిలోను, చెవిలోను నుండి, మన కన్నులయెదుటనే క్షీణించిపోవుచున్నది. వాద్యమును చేయువాని తెలివికిని మన పిల్లల చదువునకును నడుమ నొక వంతెన కావలెను. సంఖ్య నొక్కిన వీణ పలుకు పెట్టె యట్టి వంతెన కాజాలదు. ప్రతి గుబ్బయు "నీవు నన్ను త్రిప్పితివి గనుక నేనిట్లు పలికితిని" అని చెప్పెడి పెట్టె కాగలదని నా నమ్మకము. కిన్నెర మేలా, యీ యంత్రము మేలా యని నన్నడుగువారు కలరు. కిన్నెరయే మేలు. ఐతే కిన్నెర చేయువారిని పిలిచి, తగిన సంభావన యిచ్చి, పాఠశాలలో నొక వారము కూర్చుండబెట్టుదుమా? అట్లు చేయుటకు సంఘమువారు సమ్మతించినచో నా సింథసైజరు కోరికను నేనే యుపసంహరించుకొందును. రెండును జరిగిన మఱియు సంతోషము.

వాద్యమును కొనగానే పని తీఱినదని తలంపరాదు. దీనికి మన దేశమునందే యొక దృష్టాంతము కలదు. అహమ్మదాబాదు నగరమున 1961 లో స్థాపింపబడిన జాతీయ డిజైను సంస్థకు 1969 లో ఒక మూగ్ సింథసైజరు వచ్చినది. డేవిడ్ ట్యూడర్ అను నమెరికా సంగీతజ్ఞుడు స్వయముగా వచ్చి దానిని నెలకొల్పెను. పూర్వము 1946 లో న్యూయార్కునకు పోయి జాన్ కేజ్ అను స్వరకర్తకు మన సంగీతమును బోధించిన గీతా సారాభాయిగారును, మఱి కొందఱును, జిన్‌రాజ్ జోషిపురా వంటి విద్యార్థియు ఆ యంత్రముపై టేపులు నిర్మించిరి. మూడు నాలుగేండ్లలో నా పని యాగిపోయినది. టేపులు గ్రంథభాండారమున పడియుండెను. పాల్ పర్గస్ అను కళాకారుడు వానిని వెలికి తీయగా 2023 లో గాని లోకమువారు వినలేకపోయిరి. అర్ధశతాబ్ది! ఆ టేపులలో గొన్నిటిని నేను వింటిని. కొన్ని నా కర్థము కాలేదు. కొన్నిటిలో మాత్రము తంబుర యెదుట కూర్చుండి పెరిగినవారి చెవి స్పష్టముగా వినబడినది. దేశమున కంతకు మొదటివరుసలో వచ్చిన వాద్యమునకు శిష్యపరంపర యేర్పడలేదు. అంత గొప్ప సంస్థకే యట్లయినప్పుడు, మన గట్టు పాఠశాలలో వాద్యము బీరువాలో చేరుటకు మూడేండ్లు పట్టునా? కావున వాద్యముతోపాటు వారమున కొక గంట కాలమును పట్టికలో వ్రాయింపవలెను. ఆ గంట లేనియెడల వాద్యమును కొనవలదు. ఈ మాటను గట్టిగా చెప్పుచున్నాను.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇట్టి వాద్యము సాధారణముగా ఒక్కసారి కొక్క స్వరమునే పలుకును. ప్రార్థనవేళ పాటకు తోడు నిలువజాలదు. నిజమే. అందుకే హార్మోనియమును బాగుచేయింపు డనుచున్నాను. ఒకసారి కుదిర్చిన నాదమును పెక్కు వాద్యములు జ్ఞాపక ముంచుకొనవు; గుబ్బలు త్రిప్పిన పోవును. ఇదియు నిజమే, కాని దోషమనను. మా యింట నే నొక నోటుబుక్కున ప్రతి గుబ్బను సున్నగా గీసి, ముల్లెటు తిరిగినదో గుర్తుపెట్టుచున్నాను. గుర్తుపెట్టిన నాదము మఱునాడు సరిగ నట్లే రాదు. దాని సమీపమునకు వచ్చును. ఆ తేడాను వెదకుటలో చెవి పదునెక్కును.

గమకము మాటయేమని సంగీతము తెలిసిన తల్లి యొకరు నన్నడిగిరి. ఇది బరువైన ప్రశ్న. మెట్లు స్థిరములై గమకము పలుకవనియే గదా 1940 లో ఆకాశవాణివారు హార్మోనియమును బహిష్కరించి, 1971 వఱకు దానిని సడలింపకుండిరి! సింథసైజరులో స్వరమును నెమ్మదిగా నూపు భాగ మొకటి కలదు. స్వరమునుండి స్వరమునకు జారు గుబ్బయు కలదు. మొదటిసారి వానిని కలిపినపుడు గమకము దొరికినదని మురిసితిని. ఆ తల్లికి వినిపింపగా, ఆమె చిఱునవ్వుతో "అన్నయ్యగారూ, ఇది గమకము కాదు, వణకు" అనిరి. యంత్ర మొకే తీరున నూపును. రాగ మడిగిన తీరున నూపదు. చేయి గుబ్బమీద నుంచి రాగము నెఱిగి త్రిప్పిన కొంత రావచ్చును. నాకింకను రాలేదు. కావున కర్ణాటక సంగీతమును దీనిపై నేర్పుడని నేను చెప్పను, నేర్పరాదు.

ఇక ఖర్చు. గట్టు మండలమున పత్తిచేలలో పనిచేసి ఫీజు చెల్లించు తలిదండ్రుల కన్నుల యెదుట ఈ మాట నెత్తుటకు నోరు రాదు. మంచి సెమీ మాడ్యులర్ వాద్యపు వెల సామాన్యపు కీబోర్డు వెలకు తక్కువ కాదు, పలుమార్లు ఎక్కువయే. కాని యీ వాద్యమును ప్రతి బాలునకు కొననక్కఱలేదు, పాఠశాల కంతకు నొక్కటి చాలును. అంతవఱకు నాగలేని యుత్సాహవంతులకు కంప్యూటరు గదిలో నొక దారి కలదు. 2017 లో వెలువడిన వీసీవీ ర్యాక్ అను ప్రోగ్రాము వెల లేకయే లభించుచున్నది. తెరమీదనే ఆసిలేటరు, జల్లెడ, తీగలు నన్నియు నుండును. అది పూర్తి మాడ్యులరు, పడుగు లేని మగ్గము. కనుక ఒక యాసిలేటరు, ఒక జల్లెడ, ఒక ఎన్వలపు, ఒక బలపుగుబ్బ మాత్రమే తెచ్చుకొని, మిగిలిన వందలకొలది పెట్టెలవైపు చూడకుండ నుండగల నిగ్రహము కావలెను. ఆ నిగ్రహము పెద్దలకే లేదు. వాద్యములు కొనుటయందు మరిగి వాయించుట మఱచినవారిని నేను చూచితిని. నా మేనల్లుని పేరు నిక్కడ వ్రాయను.

గట్టులో కరెంటు నిలుకడ లేదని యొక యుపాధ్యాయ సోదరు డనెను. అదియు సరియే. ఒక స్టెబిలైజరును కొనవలెను. ఆ ఖర్చును నా లెక్కలో చేర్చితిని.

సంగీతద్రవ్యమును గుఱించి నిర్ణయించుటకు పాఠశాల సంఘమువారు పరీక్షలకు ముందు సమావేశము కానున్నారు. తలిదండ్రులు తప్పక రావలెను; తల్లులు విశేషముగ రావలెను. మేనల్లు డాతని వాద్యమును తెచ్చుకొనుట కిచ్చి యున్నాడు. కీబోర్డు పక్షమువారు కీబోర్డును తీసికొని రావచ్చును. ఎనిమిదవ తరగతి బాలుడు డప్పును, గుడిగంటను, నాదస్వరమును (అతని మతమున నాదస్వరమును) కుదిర్చి చూపుటకు నోటుబుక్కు సిద్ధము చేసికొనుచున్నాడు. వాద్యము వేడెక్కుటకు పావుగంట పట్టును గనుక, అధ్యక్షులవారు వచ్చుటకు మునుపే నేను దానిని వెలిగించి యుంచెదను.